బూల్ మాస్టారు, మా నారుమడి

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ తీసుకున్న మన అందరికీ జార్జి బూల్ పేరు తెలుసు. డీ మోర్గాన్ సిద్ధాంతం వ్రాసి, ట్రూత్ టేబులు గీసి, మార్కులు తెచ్చుకుని ఆయనకో నమస్కారం పెట్టేస్తాం. నేనూ అంతే. కాని మా ఇంట జరిగిన ఒక నష్టం వల్ల ఆయన జీవితం వెదికి చదవవలసి వచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాను.

మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. గోదావరి జిల్లా అనగానే అందరూ కాలవలూ, వరిచేలూ అనుకుంటారు. మాది మెట్ట. కాలవ లేదు, బోరే దిక్కు. పొగాకైనా, మొక్కజొన్నైనా, ఆయిల్ పామైనా దాని మీదే. మూడేళ్ళ క్రిందట నాన్న పొగాకు నారు పోశారు. మడి పక్కనే నీళ్ళ తొట్టి. తొట్టి నిండగానే మోటారు ఆగేటట్టు ఒక మెకానిక్ చేత ఫ్లోటు స్విచ్చి పెట్టించారు. నిండితే స్విచ్చి కలుస్తుంది, ఆగమని కబురు వెళుతుంది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక రాత్రి ఎలక ఆ తీగ కొరికేసింది. తొట్టి నిండింది, స్విచ్చి కలిసింది, కబురు మాత్రం వెళ్ళలేదు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంది. తెల్లవారి చూస్తే మడి కాదు, చెరువు! నారంతా కుళ్ళిపోయింది. ఆ ఏడు అప్పు చేసి నారు కొని నాటాం. నాన్న ఎలకను తిట్టారు. తప్పు ఎలకది కాదని సెకండియర్ ల్యాబులో గాని నాకు తెలియలేదు.

బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో పుట్టారు. తండ్రి బూట్లు కుట్టి బ్రతికేవాడు. అయితే బూట్ల మీద కంటె లెక్కల మీద, దుర్భిణుల తయారీ మీద ఆయనకు మోజెక్కువ. వ్యాపారం దెబ్బతింది. పదహారో ఏట కొడుకు బడిపంతులుగా చేరి ఇంటిల్లిపాదినీ మోయవలసి వచ్చింది. లాటిను ఒక పుస్తకాల వ్యాపారి దగ్గర మొదలుపెట్టి, గ్రీకు, ఫ్రెంచి, జర్మను తనంత తానే నేర్చుకున్నాడు. పద్నాలుగో ఏట చేసిన గ్రీకు పద్యానువాదం ఊరి పత్రికలో పడితే, ఇంత కుర్రవాడు చేసి ఉండడని ఒక పంతులు తగువు పెట్టుకున్నాడట. పందొమ్మిదో ఏట సొంత బడి పెట్టారు. పగలు పిల్లలకు పాఠాలు, తీరిక చిక్కితే లాగ్రాంజి, లాప్లాసుల గ్రంథాలు. 1844లో రాయల్ సొసైటీ బంగారు పతకం వచ్చింది. 1849లో ఐర్లండులోని కార్క్ పట్టణంలో క్వీన్స్ కాలేజీకి లెక్కల ప్రొఫెసరయ్యారు. డిగ్రీ లేని ప్రొఫెసరు! ఆయనకు స్నేహితుడూ, అండా అయిన డీ మోర్గాన్ 1806లో మన పాత మద్రాసు రాష్ట్రంలోని మదురైలో పుట్టినవాడే.

1847లో చిన్న పుస్తకంగానూ, 1854లో పెద్ద గ్రంథంగానూ ఆయన చెప్పినది ఒక్కటే. మనిషి తర్కాన్ని కూడా లెక్కల్లాగా గుర్తులతో చేయవచ్చునని. మందలోంచి ఆవులను ఏరండి. ఏరిన వాటిలోంచి మళ్ళీ ఆవులను ఏరండి. అవే వస్తాయి గదా! అంటే ఎక్స్‌ను ఎక్స్‌తో గుణిస్తే ఎక్సే రావాలి. మామూలు అంకెల్లో ఈ నియమానికి లొంగేవి రెండే, 0, 1. ఆయన లెక్కలో 1 అంటే అన్నీ, 0 అంటే ఏదీ లేనిది, కాదు అనడానికి 1 లోంచి ఎక్స్ తీసివేత. రెండే గుర్తులతో పని నడపడం మనకు కొత్తేమీ కాదు. లఘువు, గురువు మూడేసి చొప్పున పేర్చితే య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలు. మూడు ఇన్‌పుట్ల ట్రూత్ టేబులులో వరుసలూ ఎనిమిదే. తెలుగు మాస్టారు చెప్పినప్పుడు ఈ ముక్క తట్టలేదు.

1864 నవంబరులో ఒకనాడు మాస్టారు జోరువానలో సుమారు మూడు మైళ్ళు నడిచి కాలేజీకి వెళ్ళి, తడిబట్టలతోనే పాఠం చెప్పారు. జ్వరం వచ్చింది. తడి వల్ల వచ్చినది తడితోనే పోవాలని భార్య మేరీ తడిదుప్పట్లు కప్పిందని చెప్పుకుంటారు. ఈమె ఎవరెస్టు శిఖరానికి పేరిచ్చిన జార్జి ఎవరెస్టుకు అన్నదమ్ముల బిడ్డ. డిసెంబరు 8న న్యుమోనియాతో కన్ను మూశారు. వయసు 49. ఆ లెక్క ఏ యంత్రానికైనా పనికివస్తుందని ఆయనకు తెలియనే తెలియదు.

తెలిసింది 1937లో. అమెరికాలో క్లాడ్ షానన్ అనే 21 ఏళ్ళ విద్యార్థి, ఫిలాసఫీ క్లాసులో నేర్చుకున్న బూల్ లెక్కే రిలేలకూ సరిపోతుందని థీసిస్ వ్రాశాడు. వరుసగా కలిపితే 'మరియు', పక్కపక్కన కలిపితే 'లేక'. కార్ల ఫ్యాక్టరీల్లో మోడలు మారినప్పుడల్లా రిలే బీరువాల తీగలు ఊడదీసి మళ్ళీ కట్టే తిప్పలు పడలేక, తీగల బదులు ప్రోగ్రాము మార్చుకునే కంట్రోలరును 1960ల చివర తయారు చేశారు. మోడికాన్ 084 అలా 1969లో వచ్చినది. ఒక్కొక్క స్విచ్చికి ఒక్కొక్క బిట్టు.

మా ల్యాబులోనూ అలాంటి కంట్రోలరొకటి ఉంది. మోటారు నడిపే మెట్టు ఇది: స్టార్టు లేక మోటారు, మరియు స్టాపు, మరియు ఓవర్‌లోడు. స్టార్టు మీంచి వేలు తీసినా మోటారు బిట్టే దాన్ని పట్టి ఉంచుతుంది. స్టాపు అంటే ఆపడం కదా అని నేను దానికి 'కాదు' తగిలించాను. ఎంత నొక్కినా మోటారు కదలదు! తలుపు తీసి తీగ చూస్తే అర్థమైంది. స్టాపు బటను ఎప్పుడూ కలిసే ఉంటుంది. అంటే ఇన్‌పుట్ బిట్టు మామూలుగా 1. నొక్కితే 0. తీగ తెగినా 0. ప్రోగ్రాములో మళ్ళీ 'కాదు' అంటే నడవవలసినప్పుడు ఆగుతుంది, ఆగవలసినప్పుడు నడవడానికి సిద్ధమవుతుంది. మా తొట్టి దగ్గర జరిగిందేమిటో ఆ బల్ల ముందే తట్టింది. ఆగమనే మాటకు 1 కేటాయించాం. తీగ తెగితే 1 ఎక్కడినుంచి వస్తుంది?

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళి ఫ్లోటును తిరగేశాను. మా బోరుకు కంట్రోలరు అక్కర్లేదు, 24 వోల్టుల చిన్న రిలే చాలు. తొట్టి వెలితిగా ఉంటే స్విచ్చి కలిసి 1. నిండినా, తీగ తెగినా 0, మోటారు ఆగాలి. నాన్న నమ్మలేదు. మోటారు నడుస్తుండగా ఆ చిన్న తీగ తానే లాగేశారు. ఆగింది. మళ్ళీ కలిపి, స్టార్టు నొక్కించి, మళ్ళీ లాగారు. అప్పుడు గాని నారుమడి వైపు నడవలేదు.