ఊపిరినే నమ్మిన డాక్టర్ లారీ

శంషాబాద్‌కూ హైదరాబాద్ నగరానికీ నడుమ, రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివే మనం, మత్తుమందు సిరంజి చేత పట్టినప్పుడల్లా తలచుకోవలసిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

1846లో పుట్టిన లారీ, ఎడిన్‌బరోలో ప్రఖ్యాత సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర పనిచేశారు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న పాఠం అక్కడే ఆయన మనసులో నాటుకుంది. తర్వాత మన హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, మెడికల్ స్కూలుకు పెద్ద అయ్యారు. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి ఆ స్కూలే మూలం.

ఆ రోజుల్లో క్లోరోఫాం బల్ల మీద రోగులు హఠాత్తుగా చనిపోతుండేవారు. ముందు ఆగేది గుండా, ఊపిరా? ఇది తేల్చడానికి 1888లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో మొదటి కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఆ ఫలితాన్ని నమ్మలేదు. అయితే మీరే వచ్చి చూడండని నిజాం వెయ్యి పౌన్లిచ్చి లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. 1889లో కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు వందల సంఖ్యలో బలయ్యాయి. ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. లారీ గెలిచారు!

కాని పూర్తిగా కాదు. మోతాదు మించితే ఊపిరి ముందు ఆగే మాట నిజమే. మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె ఒక్కసారిగా లయతప్పి ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులలో నిరూపించాడు. 1915లో కన్నుమూసిన లారీ, జీవితమంతా సగం నిజాన్నే పూర్తి నిజంగా పట్టుకున్నారు. మూగజీవాలు అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నే ఇరుకైంది.

మరి మనకేమిటి? క్లోరోఫాం పోయి లిగ్నోకెయిన్ వచ్చింది. ఒకచోటనే మొద్దుబార్చే మందే కదా అని ధీమా పడకూడదు. రెండు శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుంటాయి. కిలోకు 5 మిల్లీగ్రాములే హద్దనుకుంటే, నాలుగు కిలోల మేకపిల్లకు ఒక్క మిల్లీలీటరుతో సరి! కొమ్ము మొలకలు కాల్చేటప్పుడు నాలుగు చోట్ల పొడవాలి గనుక సెలైన్‌తో పలచన చేసుకోవాలి. సూది రక్తనాళంలో పడలేదని పిస్టన్ వెనక్కి లాగి చూసుకోవాలి. మోతాదు మించితే వణుకు, ఫిట్లు, ఆపైన ఊపిరి, గుండె.

అందుకే మిత్రులారా, ఒక కన్ను ఊపిరి మీద, ఒక చెయ్యి నాడి మీద ఉంచండి. లారీగారి నుంచి పట్టుదల నేర్చుకుందాం. ఆయన వదిలేసిన సగాన్ని కూడా నేర్చుకుందాం.