నొప్పికి స్తోత్రం చెప్పిన వైద్యుడు

కుష్ఠు మాంసాన్ని కుళ్లబెడుతుందని మన కడప, కర్నూలు పల్లెల్లో నేటికీ అనేవారున్నారు. పాపానికి గుర్తుగా దాన్ని ప్రసంగాల్లో వాడుకుని మేమూ ఆ భయాన్ని కొంత పెంచాం. అది నరాలను దెబ్బతీసే జబ్బు. ఆ సంగతి లోకానికి బోధపరచినవారిలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు.

1914లో కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, లండన్‌లో చదివి, 1946లో వేలూరు వచ్చారాయన. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో కొంకర్లు పోయిన చేతులు చూశాక ఇక ఊరుకోలేకపోయారు. వేళ్లు వాటంతటవే రాలడం లేదు. నొప్పి తెలియక కాలి, తెగి, పుండ్లుపడి అరిగిపోతున్నాయని పరిశీలించి తేల్చారు. నిద్రలో ఎలుకలు కొరికినా రోగులకు తెలిసేది కాదు. అందుకని పిల్లులను పెంచుకోమన్నారు! ముంజేతిలో బాగున్న కండరాన్ని మళ్లించి, ముడుచుకున్న వేళ్లకు కలిపి, వాటిని మళ్లీ పనిచేయించారు. 2003లో ప్రభునందు నిద్రించారు.

ఒక రాత్రి లండన్‌లో తన మడమకు స్పర్శ లేదని గమనించారట. తనకూ జబ్బు సోకిందని తెల్లవార్లూ కుమిలిపోయారు. ఉదయం మళ్లీ సూది గుచ్చుకున్నారు. చురుక్కుమంది. ఆ నొప్పికి దేవుని స్తుతించారు.