ఉల్టా ఉరికిన రీగెల్స్

1929 జనవరి 1. అమెరికాల కాలిఫోర్నియా రాష్ట్రం, పసడీనా ఊరు. అక్కడ రోజ్ బౌల్ అని పెద్ద స్టేడియం. కొత్త సంవత్సరం నాడు ఆడే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడనీకి 60 వేల మందికి పైగా వచ్చి కూసున్నరు. ఒక దిక్కు కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఇంకో దిక్కు జార్జియా టెక్. ఫస్టాఫ్‌ల, రెండు టీములకూ ఇంకా ఒక్క పాయింట్ గూడ రాలే. అప్పుడు జార్జియా టెక్ ఆటగాడు స్టంపీ థామసన్ చేతిలకెళ్లి బంతి జారి కింద వడ్డది. కాలిఫోర్నియా టీముల ఆడే రాయ్ రీగెల్స్, 20 ఏండ్ల పోరడు, దాన్ని టక్కున అందుకున్నడు. అందుకొని ఉరికిండు. ఎవ్వలకు దొరకకుంట, పాణం వెట్టి ఉరికిండు. దాదాపు 65 గజాలు.

ఉరికింది ఎటు దిక్కంటే, తన సొంత టీము కొసకు.

ఈ ఆట గురించి తెల్వనోళ్లకు జర చెప్త. ఇది మనం టీవీల చూసే మెస్సీ, రొనాల్డోల ఆట కాదు. ఇండ్ల బంతి కోడిగుడ్డు లెక్క ఉంటది, చేతులతోని పట్టుకొని ఉరుకుతరు. గ్రౌండ్ 100 గజాలు. అవతలోళ్ల కొస దాటితే 6 పాయింట్లు. ఆ తర్వాత ఒక కిక్ కొట్టి ఇంకో పాయింట్ తెచ్చుకోవచ్చు. బంతి మన దగ్గరున్నప్పుడు మన కొసలనే మనం చిక్కితే మాత్రం అవతలోళ్లకు 2 పాయింట్లు పోతయి.

ఇంకో సంగతి గూడ తెలుసుకోవాలె. రీగెల్స్ ఆడేది సెంటర్ పొజిషన్ల. వంగి నిలవడి, కాళ్ల సందులకెళ్లి బంతిని ఎనకున్నోనికి అందిచ్చుడు ఆయన పని. బంతి వట్టుకొని ఉరికే అలవాటు ఆయనకు లేదు. మన కబడ్డీల మూలకు నిలవడి కాళ్లు గుంజేటోన్ని ఎన్నడూ లేంది కూతకు తోలితే ఎట్లుంటది? గట్లనే. బంతి చేతికి రాంగనే ఎదురుంగ మనుషులు మీదికొచ్చిండ్రు, తప్పించుకోనీకి గిర్రున మలిగిండు, ఆ మలుగుట్ల దిక్కు మర్లింది. కండ్ల ముంగట మైదానం ఖాళీగ కనవడ్డది. ఇగ ఆగుతడా ఎవ్వడన్న?

ఈ కథల నా మనసు గుంజేది గ్యాలరీ. 60 వేల మంది ఒక్కసారే లేచి ఒర్రుతుండ్రు. వాళ్లల్ల కాలిఫోర్నియా మనుషులు ఆపుమని ఒర్రుతుండ్రు, జార్జియా మనుషులు సంబురంతోని ఒర్రుతుండ్రు. కింద ఉరికేటోని చెవులకు మాత్రం రెండూ ఒక్క తీర్గనే వినవడుతయి. రేడియోల మ్యాచ్ చెప్తున్న గ్రాహం మెక్‌నమీ అప్పట్ల అమెరికా మొత్తానికి తెలిసిన గొంతు. గసొంటాయన గూడ తన కండ్లను తానే నమ్మలేకపోయిండు. జార్జియా టెక్ బెంచీ మీది పోరలు లేచి ఎగురుతుంటే, వాళ్ల కోచ్ బిల్ అలెగ్జాండర్ కూసోమన్నడు. ఉరకనీయుండ్రి, వాడేసే ప్రతి అడుగు మనకే లాభమని ఆయన లెక్క.

ఒక్కడే ఒక్కడు రీగెల్స్ ఎనక వడ్డడు. బెనీ లోమ్, సొంత టీమోడు, మంచి ఉరుకుడుగాడు. ఆగు ఆగుమని ఒర్రుకుంట తరిమిండు. రీగెల్స్ ఏమనుకున్నడంటే, బంతి తనకియ్యుమని అడుగుతుండు, పాయింట్ తన ఖాతల ఏసుకుందామని చూస్తుండు అనుకున్నడు. ఇంకింత జోరు వెంచిండు. ఆఖరికి సొంత కొసకు 3 గజాల కాడ లోమ్ అందుకొని మలిపే వరకు, జార్జియా టెక్ పోరలు గుంపుగ వచ్చి మీద వడి 1 గజం కాడ కూలగొట్టిండ్రు.

ఇప్పుడు జర లెక్క చూడుండ్రి. అప్పటికి ఇంకా ఎవ్వలకూ ఒక్క పాయింట్ పోలే. బంతి కాలిఫోర్నియా దగ్గరనే ఉంది. ఆ కొసకాడ ఆడుడు డేంజరని, బంతిని దూరం తందామని కాలిఫోర్నియా అనుకున్నది. సెంటర్ గనుక బంతి అందియ్యాల్సింది మళ్ల రీగెల్సే, తన్నాల్సింది లోమ్. జార్జియా టెక్‌ల వాన్స్ మారీ అనేటోడు దూసుకొచ్చి ఆ కిక్‌ను అడ్డుకున్నడు. 2 పాయింట్లు పోయినయి.

ఆ మ్యాచ్ ఆఖరుకు జార్జియా టెక్ 8, కాలిఫోర్నియా 7. ఒక్క పాయింట్ తేడా. ఇగ తప్పంత ఎవ్వని నెత్తిన వడ్డదో చెప్పనక్కర లేదు. కిక్ కొడదామని తీసుకున్న నిర్ణయం గురించి గని, కిక్ అడ్డుకునేదాక చూసిన మిగతా పది మంది గురించి గని ఎవ్వలూ మాట్లాడలే. మూడో క్వార్టర్ల జార్జియా టెక్ 6 పాయింట్లు కొట్టినంక ఎక్స్‌ట్రా పాయింట్ కొట్టలేకపోయింది, అది అస్సలే యాదికి లేదు ఎవ్వలకు. మందికి ఒక్క మొఖం కావాలె, అంతే.

ఇంటర్వెల్ల రీగెల్స్ ఒక మూలకు కూసొని ఏడ్చిండు. కోచ్ నిబ్స్ ప్రైస్ ఏం తిట్టలే. ఫస్టాఫ్ ఆడినోళ్లే సెకండాఫ్ గూడ షురూ చేస్తరని చెప్పిండు. టీమంత లేచి బయటికి నడిచింది, రీగెల్స్ లేవలే. ప్రైస్ దగ్గరికి వచ్చి మళ్ల చెప్పిండు. నీ పరువు వాయె, నా పరువు వాయె, కాలేజీ పరువు వాయె, ఇగ ఏ మొఖం వెట్టుకొని మంది ముంగటికి పోవాలె అని రీగెల్స్ బాధ. ఆట ఇంకా సగమే అయిందని కోచ్ జవాబు. రీగెల్స్ పోయిండు. ఆ సెకండాఫ్‌ల ఎదుటోళ్ల కిక్ ఒకటి తనే అడ్డుకున్నడు. ఆయన బాగ ఆడిండని చూసినోళ్లంత ఒప్పుకున్నరు.

నేను ఈ కథ గిప్పుడెందుకు ఎత్తుకున్ననంటే ఈ ఇంటర్వెల్ ముచ్చట కోసమే. మన దగ్గర 2019ల ఇంటర్ రిజల్ట్స్ వచ్చినంక 20 మందికి పైగా పిల్లలు పాణాలు తీసుకున్నరు. మార్కులల్ల తప్పులున్నయని లొల్లి అయి, ఫెయిలైనోళ్ల పేపర్లు మళ్ల చూడవలసి వచ్చింది. ఆ పిల్లలకు గూడ ఆట సగమే అయింది. ఆ సంగతి చెప్పెటందుకు కోచే కావాల్నని ఏం లేదు. సారైతేంది, అవ్వైతేంది, పక్కింటి అన్నైతేంది. ఇది చదివెటోళ్లల్ల ఎవ్వలకన్న మనసుల గట్ల అనిపిస్తుంటే, ఇయ్యాలనే ఇంట్లోళ్లకో దోస్తుకో చెప్పుండ్రి, 14416 టెలి మానస్ నంబరుకు ఫోన్ జెయ్యుండ్రి. పైసలు పడయి, తెలుగులనే మాట్లాడుతరు.

మళ్ల రీగెల్స్ కాడికి వద్దాం. తెల్లారేవరకు అమెరికా పేపర్లన్నిట్ల ఆయనే. రాంగ్ వే రీగెల్స్ అని పేరు వెట్టిండ్రు, అంటే ఉల్టా దిక్కు రీగెల్స్ అన్నట్టు. అప్పుడు ఫోన్లు లేవు, మీమ్స్ లేవు, అయినా ట్రోలింగ్‌కు ఏం తక్కువ కాలే. దేశం నలుమూలలకెళ్లి జాబులు వచ్చినయి. తమ సరుకుకు ఉల్టా మనిషి ప్రచారం చేస్తే బాగుంటదని కంపెనీలోళ్లు అడిగిండ్రు. ఒకామె పెండ్లి చేసుకుంటనని రాసింది, పెండ్లిల గూడ ఉల్టా నడుద్దామన్నది. నవ్వొస్తది గని, 20 ఏండ్ల పోరడు ఆ నవ్వు నడుమ రోజూ కాలేజీకి పోవాలె.

మన కాలంల అర్ష్‌దీప్ సింగ్‌ను చూసినం గద. 2022 సెప్టెంబర్ల ఆసియా కప్‌ల పాకిస్తాన్ మీద ఒక్క క్యాచ్ జారిడిసిండని రాత్రికి రాత్రే దేశద్రోహి అన్నరు. రెండేండ్లు తిరగకముందే 2024 టీ20 వరల్డ్ కప్‌ల 17 వికెట్లు తీస్తే, గవే చేతులు స్టేటస్‌లల్ల ఆయన ఫొటో వెట్టినయి. మందిని నేను తిట్టుతలేను. గ్యాలరీల కూసున్నప్పుడు నేనూ ఒర్రుతనే. గని మ్యాచ్ అయినంక ఇంటికి పోవాలె గద, మనం అక్కడనే కూసొని ఏండ్లకేండ్లు ఒర్రుతం.

రీగెల్స్ కాలేజీ ఇడిసిపెట్టలే, ఆట ఇడిసిపెట్టలే. ఆ ఏడే, 1929 సీజన్ల, కాలిఫోర్నియా టీముకు కెప్టెన్‌గ ఆడిండు. దేశంల మంచి ఆటగాళ్లల్ల ఒకడని పేరు గూడ వచ్చింది. తర్వాత బడిల సదువు చెప్పిండు, కోచింగ్ ఇచ్చిండు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు సైన్యంల విమానాల దళంల పనిచేసిండు. ఎనక పంట మందుల వ్యాపారం వెట్టుకొని, కాలిఫోర్నియాల వ్యవసాయం నడిచే దిక్కే, వుడ్‌లాండ్‌ల స్థిరపడ్డడు. రైతులకు మందులమ్ముకుంట బతికిండు. మన మండల కేంద్రంల పెస్టిసైడ్ షాపు ముంగట కూసునే పెద్దమనిషిని ఊహించుకోండ్రి, అసొంటి బతుకే. పేరు మాత్రం పోలే. ఆయన పారిపోలే, పేరు మార్చుకోలే.

1993 మార్చి 26న, 84 ఏండ్లకు, వుడ్‌లాండ్‌లనే కన్నుమూసిండు. పోకముందు 1991ల రోజ్ బౌల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ల, పోయినంక 1998ల ఆయన చదివిన యూనివర్సిటీ హాల్ ఆఫ్ ఫేమ్‌ల ఆయనను చేర్చిండ్రు. ఆయన బతుకుల నాకు బాగ నచ్చిన ముచ్చట్లు మాత్రం ఇంకో రెండున్నయి.

1964 అక్టోబర్ 25న మిన్నెసోటా వైకింగ్స్ టీము పెద్ద ఆటగాడు జిమ్ మార్షల్, శాన్ ఫ్రాన్సిస్కో మీద ఆడుకుంట, అచ్చం గిట్లనే కింద వడ్డ బంతి అందుకొని 66 గజాలు ఉల్టా ఉరికిండు. ఆయనను ఆపనీకి లోమ్ లెక్క ఎవ్వలూ అందుకోలే, సొంత కొస దాటి, గెలిచిననుకొని బంతిని బయటికి ఇసిరేసిండు. దేశమంత మళ్ల నవ్వింది. రీగెల్స్ ఒక జాబు రాసిండు మార్షల్‌కు. నీతులు ఏం చెప్పలే. మన సంఘంలకు స్వాగతమని రాసిండు. 35 ఏండ్ల సంది ఆ సంఘంల ఆయనొక్కడే సభ్యుడు మరి.

రెండోది 1971ల. ఆ పాత మ్యాచ్ ఆడిన జార్జియా టెక్ ఆటగాళ్లను వాళ్ల కాలేజీ సన్మానం చేసుకుంట, తమ పాత ఆటగాళ్ల క్లబ్బుల రీగెల్స్‌కు గూడ సభ్యత్వం ఇచ్చింది. అంటే ఓడిచ్చిన టీమే పిలిచి తమ మనిషివన్నదన్నట్టు. రీగెల్స్ నవ్వుకుంట తీసుకున్నడు, ఇది నా కష్టార్జితమే అన్నట్టు మాట్లాడిండు. నిజంగ 65 గజాలు వాళ్ల కోసమే ఉరికిండాయె.