బాలింతల ప్రాణాలు నిలిపిన సెమ్మెల్‌వైస్

పురిటికి వచ్చిన తల్లులను చంపుతున్నది తమ చేతులేనని తోటి డాక్టర్ల ముఖం మీదే చెప్పిన వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. ఆ మాట నిజమని లోకం ఒప్పుకునేనాటికి ఆయన లేరు.

నేటి బుడాపెస్ట్ నగరంలో భాగమైన బుడాలో 1818 జూలై 1న ఒక కిరాణా వర్తకుని ఇంట ఆయన జన్మించారు. వియన్నాలో వైద్యం చదివి, 1846లో అక్కడి పెద్దాసుపత్రి కాన్పుల విభాగంలో సహాయ వైద్యుడుగా చేరారు.

ఆ ఆసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు కాన్పులు చేసేవారు. మొదటి వార్డులో పురిటి జ్వరంతో చనిపోయేవారు ఎక్కువ. అందులో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. దారిలో ప్రసవించి వచ్చినవారికి సైతం ఆ జ్వరం అంతగా సోకేది కాదు.

సెమ్మెల్‌వైస్‌కు కారణం అంతుపట్టలేదు. 1847 మార్చిలో ఆయన మిత్రుడు, డాక్టర్ కొలెచ్కా చనిపోయారు. శవపరీక్షలో ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. చనిపోయిన బాలింతల శరీరాల్లో కనిపించిన లక్షణాలే ఆయన శరీరంలోనూ కనిపించాయి. దీంతో గుట్టు వీడింది. డాక్టర్లు, విద్యార్థులు శవాలను కోసి, ఆ చేతులతోనే కాన్పులు చేస్తున్నారు. మంత్రసానులకు శవాలతో పనిలేదు.

సబ్బుతో కడిగినా చేతులకు శవాల వాసన పోయేది కాదు. ఆ ఏడాది మే నెల నుంచి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో చేతులు కడిగిన తరువాతే వార్డులోకి రావాలని ఆయన కట్టడి చేశారు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోగా, జూన్‌లో ఆ సంఖ్య సుమారు 2కు పడిపోయింది. 1848 మార్చి, ఆగస్టు నెలల్లో ఒక్క మరణమూ లేదు.

ఇంత జరిగినా పెద్ద డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. సూక్ష్మక్రిముల వల్ల రోగాలు వస్తాయన్న సంగతి అప్పటికి రుజువు కాలేదు. పైగా, తమ చేతులే మృత్యువును మోస్తున్నాయంటే వారికి నామర్దా అనిపించింది. 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. మరుసటి ఏడాది ఆయన స్వదేశంలోని పెస్ట్ నగరానికి వెళ్లిపోయారు. అక్కడి ఆసుపత్రిలోనూ ఇదే పద్ధతి అమలు చేసి, మరణాలను నూటికి ఒకటి కంటే తక్కువకు దించారు. 1861లో పుస్తకం రాశారు. దానికీ ఆదరణ దొరకలేదు.

క్రమంగా ఆయన మనసు చెదిరింది. 1865 జూలైలో వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్చారు. అక్కడి కావలివారు కొట్టిన దెబ్బల గాయాలు చీము పట్టి, రక్తం విషపూరితమై, ఆగస్టు 13న 47వ ఏట కన్నుమూశారు.

1867లో ఇంగ్లీషు వైద్యుడు లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో శస్త్రచికిత్స గాయాలను శుద్ధి చేసే పద్ధతిని ప్రకటించారు. 1879లో ఫ్రాన్సు శాస్త్రవేత్త పాశ్చర్ పురిటి జ్వరపు క్రిమిని చూపించారు. బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయానికి 1969లో సెమ్మెల్‌వైస్ పేరు పెట్టారు.

ఈనాడు ఏ ఆసుపత్రిలోనైనా ఆపరేషనుకు ముందు డాక్టరు గోళ్ల సందుల నుంచి మోచేతుల దాకా శుభ్రం చేసుకోవలసిందే. కాన్పు చేసే నర్సుకైనా, పురిటి బిడ్డను ఎత్తుకునే ఇంటివారికైనా మొదటి పని చేతులు కడుక్కోవడమే.