పర్లాకిమిడి బడిపంతులు
(గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జీవితం)

సమాజంలో గొప్ప మార్పులు రావాలంటే రాజాధికారమో, అపారమైన ధనమో వెనుక ఉండాలని చాలామంది భావిస్తారు. ఆ రెండూ లేని ఒక సామాన్య ఉపాధ్యాయుడు తన కంటపడిన లోటును తన చేతనైనంతలో తీరుస్తూ పోయి, రెండు భాషల గతిని మార్చారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

పంతులు గారు 1863 ఆగస్టు 29వ తేదీన, వంశధార నదీతీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. చోడవరంలో పనిచేస్తూ విషజ్వరం సోకి 1875లో కన్నుమూశారు. అప్పటికి కుమారుని వయస్సు పన్నెండేళ్ళు. బంధువుల అండతో విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. తరువాతి కాలంలో మహాకవిగా కీర్తిగాంచిన గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి.

పైచదువులకు ఇంటి పరిస్థితులు అనుకూలించలేదు. 1880లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతంపై ఒకటవ ఫారం పిల్లలకు చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పట్టాలు సాధించారు. చరిత్ర చెప్పే పంతులుకు తమ ప్రాంతపు చరిత్ర తెలియకుండుట తగదని తలచి, ముఖలింగ ఆలయాలలోని ప్రాచీన శాసనాలను చదవడం గురువు లేకుండానే నేర్చుకున్నారు. తెలియనిదాన్ని తానే శ్రమించి తెలుసుకోవడం, తెలిసినదాన్ని పదిమందికీ పంచడం ఆయనకు జీవితాంతం నిలిచిన అలవాట్లు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు సవరల నివాసస్థానం. వారి భాష ముండా భాషా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని, ఒడియాతో గాని పుట్టుక సంబంధం లేనిది. ఆనాటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. కొండ దిగివచ్చిన సవర తన గోడు చెప్పుకోవాలన్నా పరాయి భాషలోనే చెప్పుకోవలసిన స్థితి. దినదినమూ అందరూ చూస్తున్న ఈ దృశ్యం పంతులు గారిని ఆలోచింపజేసింది. చదువు అందవలసినవారికి చదువు చెప్పాలంటే ముందుగా వారి మాట తాను నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు.

అందుకు తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక హరిజనుణ్ణి తన ఇంటనే ఉంచుకుని, ఆయన వద్ద శిష్యరికం చేశారు. అంటరానితనం బలంగా వేళ్ళూనుకున్న ఆ రోజులలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇట్టి పనికి పూనుకోవడం సామాన్యం కాదు. ఆపైన స్వయంగా కొండలకు వెళ్ళి, గూడేలలో తిరిగి, మాటలు, పాటలు, కథలు సేకరించారు. మన్యపు జ్వరాలు ఆయనను విడిచిపెట్టలేదు. జ్వరానికి వాడిన క్వినైను కారణంగా క్రమక్రమంగా వినికిడి శక్తి సన్నగిల్లింది. ఇతరుల మాటను శ్రద్ధగా వినడమే వ్రతంగా పెట్టుకున్న వ్యక్తి ఆ వ్రతానికి మూల్యంగా తన చెవులనే సమర్పించుకోవలసి వచ్చింది.

పంతులు గారు సవర భాషలో వాచకాలు రచించారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఈ పుస్తకాలను ముద్రించి పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టమని, దానిని నడిపే ప్రణాళిక తాను వ్రాసి ఇస్తానని తెలియజేశారు. దశాబ్దాల పరిశ్రమ ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

ఈ కొండ బడుల అనుభవమే ఆయన దృష్టిని తెలుగు బడి వైపు మళ్ళించింది. సవర బాలునికి తన మాటలోనే చదువు చెప్పడం న్యాయమైనప్పుడు, తెలుగు బాలునికి ఎవరూ మాట్లాడని భాషలో చదువు చెప్పడం ఎట్లా న్యాయమవుతుంది? 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం నాటినుండి బడిలో గ్రాంథికమే ప్రమాణమై ఉండేది. పిల్లలు ఇంట ఒక విధంగా మాట్లాడి, బడిలో మరొక విధంగా వ్రాయవలసి వచ్చేది. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు కూడా ఈ తేడా వింతగా తోచింది. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గురజాడ, గిడుగుల పేర్లు సూచించారు. ఈ నలుగురి కలయికతో వ్యావహారిక భాషోద్యమం రూపుదాల్చింది.

1911లో పంతులు గారు ఉద్యోగం నుండి విరమించారు. విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో అసలు పోరాటం మొదలయింది. జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు గ్రాంథికం పక్షాన నిలిచారు. పాఠశాల పరీక్షలలో వాడుక భాషకు లభించిన అనుమతి కొద్దికాలంలోనే రద్దయింది. పంతులు గారు నిరుత్సాహపడలేదు. పూర్వుల వచన గ్రంథాలను, వ్యాఖ్యానాలను, లేఖలను గాలించి వేలకొలది ప్రయోగాలు సేకరించారు. గ్రాంథికవాదుల రచనలలోనే ఆ నియమాలు ఎన్నిచోట్ల తప్పాయో చూపించారు. ఊరూరా తిరిగి సభలలో గంటలకొలది ఉపన్యసించారు. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, దానికి కార్యదర్శి అయ్యారు. ఆ సంవత్సరమే ‘తెలుగు’ అనే మాసపత్రికను స్థాపించారు. అది కొద్దికాలమే నడిచినా దాని వాదం మాత్రం ఆగలేదు.

వార్ధక్యంలో ఆయనకు మరొక పరీక్ష ఎదురయింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఆయన వ్యతిరేకించినప్పటికీ, పర్లాకిమిడి అందులో చేరింది. యాభై ఆరేళ్ళుగా తనదనుకున్న ఊరిని విడిచి, డెబ్బై మూడవ ఏట, రాజమహేంద్రవరం చేరుకున్నారు. ఎల్లలు మారినప్పుడు సామాన్యుని గుండెలో కలిగే కోత ఎట్టిదో ప్రవాసాంధ్ర కుటుంబాలకు వేరుగా చెప్పనవసరం లేదు. సవరల భాషకు ప్రాణం పోసిన ఆయనకు ఇతర భాషలపై ద్వేషం లేదు. ఏ బిడ్డ భాషకైనా దాని చోటు దానికి ఉండాలన్నదే ఆయన వాదన.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ బిరుదంతో ఆయనను సత్కరించింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలుసుకుని, వాడుక భాషను ఆదరించవలసిందని తుది విన్నపం చేసుకున్నారు. సరిగ్గా వారం తరువాత, జనవరి 22న, తనువు చాలించారు. వ్యావహారికం పాఠ్యపుస్తకాలలోను, విశ్వవిద్యాలయాలలోను పూర్తిగా నిలదొక్కుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ విజయాన్ని ఆయన కన్నులారా చూడలేదు.

నేడు తెలుగులో వెలువడే ప్రతి దినపత్రికలోను, ప్రతి పాఠ్యపుస్తకంలోను ఆయన కృషిఫలం ఉన్నది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఇంత మహోద్యమానికి మూలాన్ని వెదికితే, ఒక చిన్న ఊరి బడిపంతులు కొండవాని మాటను ఆదరంతో ఆలకించిన క్షణం కనిపిస్తుంది. తెలుగు బడిని నిలుపుకునే ఉపాధ్యాయుడు, ఇంట బిడ్డతో తెలుగులో మాట్లాడే తల్లి, వెనుకబడిన సహపాఠికి ఒక పాఠం చెప్పే విద్యార్థి, అందరూ పంతులు గారు నడచిన బాటలోని వారే. తన పని చిన్నదని ఎవరికైనా సంకోచం కలిగినప్పుడు, ముప్పై రూపాయల జీతంతో మొదలైన ఈ జీవితాన్ని ఒకసారి స్మరించుకోవడం ఉచితం.