నీళ్లలో మండే లోహాన్ని కనుగొన్న డేవీ

పొటాషియం ముక్క నీళ్లలో పడితే హైడ్రోజన్ పుట్టి భగ్గుమని ఊదా మంటతో మండుతుంది. ఆ లోహాన్ని మొదట వేరుచేసింది హంఫ్రీ డేవీ.

ఈయన 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెంజాన్స్‌లో పుట్టాడు. 1794లో తండ్రి పోయాడు. ఐదుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. ఒక వైద్యుడి దగ్గర పనికి కుదిరి, రసాయనశాస్త్రం తనంతట తానే చదువుకున్నాడు. 1801లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరాడు.

అక్కడ పొటాష్‌ను నీళ్లలో కరిగించి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజనే వచ్చాయి. నీళ్లే అడ్డమని తెలుసుకున్నాడు. 1807 అక్టోబరులో కొంచెం చెమ్మ తగిలిన పొటాష్ గడ్డలోకి కరెంటు పంపాడు. పాదరసంలా మెరిసే బొట్లు వచ్చాయి, కొన్ని పేలి మండాయి. సంతోషం పట్టలేక గదంతా గంతులేశాడట! కొద్ది రోజులకే సోడియం కూడా తీశాడు.

1812లో మరో ప్రయోగంలో పేలుడు జరిగి కళ్లు దెబ్బతిన్నాయి. రాతపని సాయానికి ఒక కమ్మరి కొడుకును పిలిచాడు. అతనే తర్వాత మహా శాస్త్రవేత్త అయిన మైఖేల్ ఫారడే. డేవీ 1829 మే 29న జెనీవాలో మరణించాడు.

తండ్రి లేకున్నా, బడి చదువు ముగిసినా డేవీ చదువు ఆపలేదు. మనకు బడీ ఉంది, సార్లూ ఉన్నారు. కాబట్టి బాగా చదువుదాం. కానీ కిరసనాయిలులో ఉంచిన సోడియం సీసాను మాత్రం సారు లేకుండా ముట్టుకోవద్దు!