విద్యాదాత విక్రమదేవ వర్మ

దోర్నపాల్ చేరువనున్న శబరి నది ఒడ్డున నిలిచి తూర్పుదిక్కు చూచినచో, కనిపించు ఆవలి గట్టు ఒడిశా రాష్ట్రములోని పొడియా ప్రాంతము. ఈ నది కోరాపుట్ కొండలలో కొలాబు అను పేరున పుట్టి, రెండు రాష్ట్రములకు కొంతదూరము సరిహద్దుగా సాగి, కూనవరము వద్ద గోదావరిలో కలియుచున్నది. పూర్వము ఈవలి గట్టు బస్తరు సంస్థానము. ఆవలి గట్టు మల్కనగిరి అడవులతో సహా జయపుర జమీందారీ. మనలో ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొన్నవారు పలువురుందురు. తాము చదివిన చదువునకును ఆ ఆవలి గట్టునకును గల బాంధవ్యము వారిలో కొందరికి తెలియకపోవచ్చును. ఆ బాంధవ్యమును కలిపినవారు జయపుర మహారాజు విక్రమదేవ వర్మగారు.

విక్రమదేవ వర్మగారు 1869వ సంవత్సరమున జయపుర రాజవంశమున జన్మించిరి. రాజవంశమున పుట్టినను అధికారము వారికి మిక్కిలి ఆలస్యముగా లభించెను. అంతకు పూర్వము చాల సంవత్సరములు వారు విశాఖపట్టణమున నివసించిరి. నాటి జయపురము మద్రాసు రాజధానిలో విశాఖపట్టణ జిల్లాకు చేరిన విశాలమైన జమీందారీ. వంశమునకు ఒడియా భాష; నివసించిన పట్టణమునకు తెలుగు భాష. ఈ రెంటిలో ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టవలెనని వారికి తోచలేదు. రెండింటిని, వానితోపాటు సంస్కృతమును అభ్యసించి గ్రంథరచన చేసిరి. తెలుగున నాటకములు రచించిరి. ఆ కాలపు తెలుగు నాటకమున పద్యమును రాగమును వేరుచేయ వీలులేదు. నటుడు గాయకుడు కూడ కావలసి యుండెను. అట్టి రంగస్థలమునకు వ్రాయువానికి పాండిత్యముతోపాటు సంగీతాభిరుచియు అవసరమే. సాహిత్య సామ్రాట్టు అను బిరుదము వారికి ఊరక వచ్చినది కాదు.

1931వ సంవత్సరమున రామచంద్ర దేవుగారు సంతానము లేకయే మరణింపగా, జమీందారీ విక్రమదేవ వర్మగారికి సంక్రమించెను. అప్పటికి వారి వయస్సు ఇంచుమించు 62 సంవత్సరములు. సామాన్యోద్యోగి విశ్రాంతి వేతనము పుచ్చుకొని ఇంట కూర్చుండు వయస్సది. జీవితమంతయు ఎదురుచూచిన ఐశ్వర్యము ఆ వయస్సున చేతికి వచ్చినచో, మిగిలిన కొద్దికాలమును భోగములకు వినియోగింపవలెనని మనస్సు తొందరపెట్టుట సహజము. వారు ఆ ధనములో గొప్ప భాగమును తమ రాజధానికి దూరముగా, సముద్రతీరమున, పరుల బిడ్డల చదువునకై వెచ్చించిరి.

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడయందు స్థాపింపబడి, పిదప విశాఖపట్టణమునకు తరలెను. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో పదవిని విడిచిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ స్థానమునకు వచ్చిరి. కావ్యమును బోధించుటకు గురువును గ్రంథమును చాలును. విజ్ఞాన శాస్త్రమునకు ప్రయోగశాలలు, పరికరములు, రసాయనములు కావలెను. అవి ధనము లేక రావు. అదియో ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించి, పంటల ధరలు పడిపోయిన కాలము.

అట్టి సమయమున మహారాజావారు ఏటేటా లక్ష రూపాయలు విశ్వవిద్యాలయమునకు ఇచ్చుటకు అంగీకరించిరి. తులము బంగారము ఇంచుమించు 30 రూపాయలున్న దినములవి. ఆ లెక్కన ప్రతి సంవత్సరము 3,000 తులములకు మించిన బంగారమును ధారపోసినట్లయ్యెను. ఒక్కసారి ఇచ్చి మరచిన దానము కాదు కనుక, దానిని నమ్ముకొని ఆచార్యులను నియమించుటకును, శాఖలను తెరచుటకును వీలు కలిగెను. జయపుర విక్రమదేవ విజ్ఞాన సాంకేతిక కళాశాల వారి పేరనే వెలసెను. భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు 1932లోను, రసాయనశాస్త్రమున తిరువెంగడం రాజేంద్రం శేషాద్రిగారు 1933లోను అచటికి వచ్చిరి. రసాయన సాంకేతిక శాస్త్రమునకు ప్రత్యేక బోధన ఏర్పడెను. పట్టభద్రుడనగా కచ్చేరీలో కలము పట్టవలసినవాడే యని మన ఇండ్లలో తలచుచుండిన రోజులలో, చదువుకొన్నవాడు కర్మాగారమును నడుపవచ్చును, క్రొత్త వస్తువును తయారుచేయవచ్చును అను ఆశ తెలుగు యువకునకు ఇట్లు కలిగెను. ఆ ఆశకు పెట్టుబడి పెట్టినవారు ఒక కవి యగుట గమనింపదగినది.

ఇంతలో ఒక పరీక్ష ఎదురయ్యెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి, జయపురము అందు చేరెను. ఒడియా ప్రజల ఆ కోరికను మహారాజావారు మనఃపూర్వకముగా సమర్థించినవారే. విశ్వవిద్యాలయము మాత్రము మద్రాసు రాజధానిలో మిగిలెను. సరిహద్దు మారినది కనుక దానము కూడ మారవలెనని అనుటకు అవకాశము లేకపోలేదు. అయినను వారు విశాఖ కళాశాలను పరాయిదానిగా ఎంచలేదు. తన భాషాప్రజల హక్కును కోరుట వేరు, పొరుగు భాష బిడ్డలకు అన్నము తగ్గించుట వేరు అని వారి నడవడి తెలుపుచున్నది. విశ్వవిద్యాలయము వారిని గౌరవ డాక్టరేటుతో సత్కరించెను.

1936లో రామలింగారెడ్డిగారు తిరిగి ఉపాధ్యక్షులై 1949 వరకు పనిచేసిరి. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడగా, విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలవలసి వచ్చెను. అట్టి కష్టకాలము గడచుచున్న ఆ దశకముననే కళాశాలల విద్యార్థులకు నాటకపు పోటీలు ప్రారంభమయ్యెను. గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావుగారు నాటకమునకు నిలిచిన అండ. ఒకవంక ప్రయోగశాల, మరియొకవంక రంగస్థలము గల ఆ విద్యాలయమును చూచినచో, నాటకములు వ్రాసి విజ్ఞానమునకు ధనమిచ్చిన మహారాజావారి స్వభావమే అందు ప్రతిఫలించినట్లు తోచును.

1951 ఏప్రిల్ 14వ తేదీన విక్రమదేవ వర్మగారు పరమపదించిరి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో రామలింగారెడ్డిగారు గతించిరి. కొలదికాలమునకే జమీందారీలు రద్దయ్యెను. 1947లో జయపురమున స్థాపింపబడిన కళాశాల తరువాత వారి పేరు ధరించి, 2023లో విశ్వవిద్యాలయమయ్యెను.

ఇచట ఒక సత్యమును మరువరాదు. ఏటేటా వచ్చిన ఆ లక్ష రూపాయలు మహారాజావారి చేతినుండి వచ్చినను, వాని పుట్టుక కొండలలో ఉన్నది. చెమటోడ్చి శిస్తు చెల్లించిన గిరిజన రైతుల కష్టార్జితము అందు కలదు. తెలుగు పట్టభద్రుడు మహారాజుకు ఋణపడియున్నచో, పేరు తెలియని ఆ రైతునకు అంతకంటె ఎక్కువగా ఋణపడియున్నాడు. ఆ రైతుల మనుమల మనుమలలో ఎందరు విశ్వవిద్యాలయపు మెట్లెక్కగలిగిరి?

దోర్నపాల్ చుట్టుప్రక్కల కోయలు, దోర్లలు నివసించుచున్నారు. దోర్లల మాటలో తెలుగు పలుకులు మన చెవికి పరిచితములే. ఉద్యోగధర్మమున పరభాషా ప్రాంతమున మెలగు మనము, పండుగనాడు మన పాటలు పాడుకొనుట, మన పద్యములు చదువుకొనుట ఉచితమే. అంతతో ఆగక, సాయంకాలము ఒక గంట మన బిడ్డల ప్రక్కన ఈ ఊరి బిడ్డను కూర్చుండబెట్టి గణితమో విజ్ఞానమో చెప్పినచో, ఒడియా రాజు తెలుగు బిడ్డలకు పెట్టిన అప్పులో ఒక రూపాయి తీర్చినవారమగుదుము. ఆ అప్పు తీర్చుటకు విశాఖ వరకు పోనక్కరలేదు. అది బయలుదేరిన శబరి ఒడ్డుననే మనము నివసించుచున్నాము.